అండం సరే, గర్భసంచి పొర మాటేమిటి?

కుప్పంలో బెంగళూరు రైలెక్కేవాళ్లలో కూలికి, ఉద్యోగానికి పోయేవాళ్లే కాదు, బిడ్డల కోసం ఆస్పత్రులకు తిరిగే దంపతులూ ఉంటారు. చేతిలో స్కాన్ కాగితాల కవరు, అందులో అండం ఉన్న తిత్తి ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో లెక్క. అండం పెరిగింది, విడుదలైంది, అయినా నెల తప్పలేదు. ఇంట్లో నింద మాత్రం ఆమెకే. ఆ కాగితంలోనే మరో అంకె ఉండాలి: గర్భసంచి లోపలి పొర మందం. దాని గురించి అడిగేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

నెలసరి తర్వాత పలచబడిన ఈ పొరను ఈస్ట్రోజెన్ మళ్లీ పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ దాన్ని మెత్తబరిచి, పిండం అంటుకునేలా చేస్తుంది. ఆ అనువైన సమయం కొద్ది రోజులే. అంటే అండం కోసం ఇచ్చే ప్రతి హార్మోను మందూ ఈ పొరనూ తాకుతుంది.

అండం విడుదల కోసం దశాబ్దాలుగా వాడుతున్న క్లోమిఫిన్‌నే చూడండి. అది మెదడుకు ఈస్ట్రోజెన్ అందకుండా అడ్డుపడుతుంది. హార్మోను తగ్గిందనుకున్న మెదడు అండాశయాన్ని పురిగొల్పుతుంది. కానీ గర్భసంచి పొరలోనూ అదే అడ్డు పడటంతో, కొందరిలో అండం ఎదిగినా పొర పలచగానే ఉండిపోతుంది. ఏడు మిల్లీమీటర్లు దాటకపోతే వైద్యులు ఆలోచనలో పడతారు. పైగా ఈ మందు ఒంట్లో వారాల తరబడి నిలుస్తుంది. స్కాన్ లేకుండా నెలనెలా చీటీ తిరగరాయడం అందుకే తప్పు.

అండం కోసమే ఇచ్చే మరో మందు లెట్రోజోల్ పని వేరు. ఈస్ట్రోజెన్ తయారీని కొన్నాళ్లు తగ్గించి, త్వరగా ఒంట్లోంచి వెళ్లిపోతుంది, పొరకు అడ్డుపడదు. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటి తిత్తుల సమస్య) ఉన్న 750 మంది మహిళలపై అమెరికాలో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. భద్రతపై అనుమానాలతో మన దేశం 2011లో సంతాన చికిత్సకు లెట్రోజోల్‌ను నిషేధించింది, ఆ నిషేధాన్ని 2017లో ఎత్తేసింది. ఆ మధ్య ఆరేళ్లూ మన ఆడవాళ్లు కోల్పోయినవే.

పిండాన్ని ల్యాబులో తయారుచేసే ఐవీఎఫ్ చికిత్సలో ఇచ్చే ఇంజెక్షన్లది ఇంకో తీరు. అండాలు ఒక్కసారిగా పెరిగి హార్మోన్లు ఎగబాకుతాయి, ప్రొజెస్టిరాన్ ముందే పెరిగితే పొర తొందరపడి ముదురుతుంది. పిండం సిద్ధమయ్యేసరికి అదను దాటిపోతుంది. అలాంటప్పుడు పిండాన్ని శీతలీకరించి, మరో నెలలో పెట్టడం మేలు.

2019లో గుంటూరులో 74 ఏళ్ల మహిళ దాత అండంతో కవలలను కన్నారు. ముట్లుడిగిన దశాబ్దాలకూ గర్భసంచి పొర హార్మోన్ల మాట వింటుందని అందరికీ తెలిసింది. ఆ వయసులో గుండె, రక్తనాళాల సంగతి వేరు. 2021 నాటి సంతాన సాఫల్య చికిత్సల (ఏఆర్‌టీ) చట్టం ఈ చికిత్సకు మహిళల వయసును 50 ఏళ్లకు పరిమితం చేయడం సరైన పనే.

అయితే అన్ని పొరలూ హార్మోన్ల మాట వినవు. క్షయ ఆస్పత్రిగా మొదలైన ఆరోగ్యవరాన్ని వందేళ్లకు పైగా చూస్తున్న మదనపల్లె వాసులకు క్షయ తెలుసు. కానీ అది దగ్గు లేకుండానే గర్భసంచిలో చేరి పొరపై మచ్చలు కట్టిస్తుందని చాలామందికి తెలియదు. ఎన్ని మాత్రలు మింగినా అలా పాడైన పొర మందం పెరగదు. పలచని పొర కనబడగానే మాత్రల డోసు పెంచేముందు ఆ పొర ముక్కను పరీక్షకు పంపమని పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా మన అక్కచెల్లెళ్లు నిలదీసి అడగాలి.