ఉప్పును కడుగు నీరు

మెట్టసీమలలో నీటిని పొదుపుగా వాడవలెనని నేడు పెద్దలందరును బోధించుచున్నారు. ఆ మాట నిజమే. కాని పైరు త్రాగినదానికి మించి పారిన నీరెల్ల వ్యర్థమని కొందరు లెక్క కట్టుచున్నారు. ఆ లెక్కకు నేను సమ్మతింపను. అందు నేల సంగతి మరచిపోయినారు.

బావినీటిలోను, కాలువనీటిలోను కొంత ఉప్పు కరగియుండును. పైరు నీటిని త్రాగును. ఎండ కొంత నీటిని ఆవిరి చేయును. ఉప్పు మాత్రము చాలవరకు నేలలోనే నిలుచును. లీటరునకు ఒక గ్రాము ఉప్పుగల నీటిని ఎకరము చేనికి ఏడాదిలో మొత్తము అర మీటరు లోతున పెట్టినచో, ఆ చేనికి చేరు ఉప్పు సుమారు 2 టన్నులు! వాన దానిని కడుగనిచో మరుసటి యేడు మరి 2 టన్నులు దానిపై చేరును.

అట్లని అతిగా పారించుటయు మేలు కాదు. పంజాబులోని హరికే నుండి థార్ ఎడారికి నీరు తెచ్చుటకై 1958లో రాజస్థాన్ కాలువను ఆరంభించిరి. తరువాత దానికి ఇందిరాగాంధీ పేరు పెట్టిరి. ఇసుకనేలలు పచ్చబడెను. కాని కాలువల ఊటవలనను, మితిమీరి పారించిన నీటివలనను భూగర్భజలము పైపైకి వచ్చెను. అట్లు వచ్చిన నీరు ఎండకు ఆవిరియై ఉప్పును పైన విడిచిపోవును. హనుమాన్‌గఢ్ ప్రాంతమున కొన్ని పొలములు ఈ విధముగనే చెడెను.

ఇది చూచి బిందుసేద్యమే తగిన మందని తలచుట సహజము. అనంతపురపు చీనీతోటలలో చెట్ల మొదళ్లయందు నీరు బొట్టుబొట్టుగా పడుట చూచినవారికి దాని మేలు వేరుగ చెప్పనక్కరలేదు. అయినను నీటిలో ఉప్పు హెచ్చుగా నున్నచోట, తడిసిన నేల అంచున అది వలయమువలె పేరుకొనును. చిరుజల్లు పడినచో కరగి వేళ్లకడకు చేరును. అందుచేతనే అట్టి తోటలలో జల్లు కురియుచున్నను నీటిని ఆపవలదని నిపుణులు చెప్పుదురు. వానలో నీరు పెట్టు రైతును చూచి బాటసారి నవ్వవచ్చును. తెలివి మాత్రము రైతుదే.

కావున ఉప్పును వేళ్లకు దిగువకు నెట్టుటకై పైరు అవసరమునకు మించి మరికొంత నీటిని కేటాయింపవలెను. మంచి వాన పడిన యేట ఆ పని వానయే చేయును. తక్కిన యేండ్లలో ఎంత నీరు కావలెననునది నీటినిబట్టియు పైరునుబట్టియు మారును. బార్లీ ఉప్పును బాగుగ ఓర్చుకొనును, చీనీచెట్టు ఓర్వలేదు. బిందుసేద్యపు గొట్టములకు ప్రభుత్వము రాయితీ నిచ్చుట మంచిదే. కాని నీటిని, మట్టిని పరీక్షింపక వానిని పంచుట సగము పనియే యని నా అభిప్రాయము.

కడిగిన ఉప్పునకు పోవు దారియు కావలెను. నేలలో రంధ్రముల గొట్టములు పాతి ఉప్పునీటిని వెడలించు పద్ధతిపై, కర్నాల్‌లో 1969లో నెలకొన్న కేంద్ర పరిశోధన సంస్థ చాలకాలముగా పని చేయుచున్నది. ఆ నీరు పోవు కాలువను ఎవరి పొలము మీదుగా త్రవ్వవలెననునది ఏ శాస్త్రజ్ఞుడును తేల్చజాలడు. అది ఇరుగుపొరుగు రైతులు ఒకచోట కూర్చుండి తేల్చుకొనవలసిన విషయము.