విదేశీ ఖాతాలో సొమ్ము, ఇంటివారి హక్కు

గత నెల ఇషా నమాజు ముగిశాక మొఘల్‌పురాలోని మా మస్జిదు మెట్ల వద్ద ఒక యువకుడు నన్ను ఆపాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏడెనిమిదేళ్ళుగా జీతంలో మిగిలిన దానితో కొద్దికొద్దిగా కొన్న బిట్‌కాయిన్ ఇప్పుడు పెద్ద మొత్తమైందట.

"చాచా, దీన్ని అమ్మి స్విట్జర్లాండులోనో దుబాయిలోనో ప్రైవేటు బ్యాంకులో ఖాతా తెరుద్దామనుకుంటున్నాను. ధర్మం ఒప్పుతుందా?" అన్నాడు.

"ఇంట్లో ఎవరికైనా తెలుసా బేటా?" అని అడిగాను.

"లేదు చాచా. అబ్బాకు కూడా చెప్పలేదు."

అతని ప్రశ్న కన్నా ఈ జవాబే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

విదేశీ బ్యాంకు ఖాతా మన నగరానికి కొత్త విషయం కాదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించిన రోజులవి. లండనులోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న సంస్థానపు సొమ్ము 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను మంత్రి మొయిన్ నవాజ్ జంగ్, అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహింతుల్లా పేరిట బదిలీ చేయించారు. అదే నెల 27న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఈ బదిలీ తన అనుమతి లేకుండా జరిగిందని, సొమ్మును తిరిగి ఇవ్వాలని కోరారు. అవతలి పక్షం సమ్మతించనిదే ఇవ్వలేమన్నది బ్యాంకు. నిజాం దావా వేశారు. పాకిస్తాన్ సార్వభౌమ రాజ్యం కనుక దానిపై విచారణ సాగదని 1957లో బ్రిటిష్ ప్రభువుల సభ తేల్చింది. 1967లో నిజాం కన్నుమూశారు. సొమ్ము మాత్రం బ్యాంకులోనే ఉండిపోయింది.

2013లో పాకిస్తానే కోర్టుకెక్కడంతో ఆ అడ్డు తొలగింది. 2019 అక్టోబరు 2న జస్టిస్ మార్కస్ స్మిత్ తీర్పు వెలువరించారు. అప్పటికి ఆ మొత్తం వడ్డీతో కలిసి సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయింది. తమలో తాము ముందే రాజీపడి ఉన్న నిజాం మనుమలు ఇద్దరికీ, భారత ప్రభుత్వానికీ అది చెందుతుందన్నారు. ఖాతా రహింతుల్లా పేరిట ఉన్నా, సొమ్ముపై అసలు హక్కు నిజాముదేనని ఆ తీర్పు సారాంశం. దీనినే మనం అమానతు అంటాము. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 58వ వాక్యంలో ఆదేశిస్తుంది. ఈ ఒక్క అమానతు తేలడానికి 71 సంవత్సరాలు పట్టింది.

ఆ యువకుడికి ఈ గాథ చెప్పి, మూడు విషయాలు తేల్చుకొమ్మన్నాను.

మొదటిది, సంపాదన ధర్మసమ్మతమా అన్నది. క్రిప్టో కరెన్సీపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఈజిప్టు దారుల్ ఇఫ్తా దీన్ని నిషిద్ధమన్నది. ఇండోనేషియా ఉలమా మండలి 2021లో కరెన్సీగా దీని వాడకాన్ని హరామ్ అన్నది. కొన్ని షరతులతో దీన్ని ఆస్తిగా అంగీకరించేవారూ ఉన్నారు. కాబట్టి తన కొనుగోళ్ళ వివరమంతా తీసుకుపోయి, విశ్వాసపాత్రుడైన ముఫ్తీ ముందుంచాలి. ఆస్తిగా పరిగణించేవారి లెక్క ప్రకారం, నిసాబు మించి, చాంద్రమాన సంవత్సరం గడిచిన సొమ్ముపై నూటికి రెండున్నర చొప్పున జకాత్ తప్పదు. ఇవ్వకుండా గడిపిన సంవత్సరాలదీ బాకీయే.

రెండవది, దేశ చట్టం. భారత నివాసి విదేశంలో ఖాతా తెరవడం నేరం కాదు, దాచడం నేరం. రిజర్వు బ్యాంకు పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. క్రిప్టో లాభంపై 2022 ఏప్రిల్ నుండి 30 శాతం పన్ను ఉంది. ఒకదాని నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. విదేశీ ఖాతాను ఆదాయపు పన్ను రిటర్నులో చూపకపోతే 2015 నాటి నల్లధన చట్టం వర్తిస్తుంది: దాచిన మొత్తంపై 30 శాతం పన్ను, ఆపైన ఆ పన్నుకు మూడు రెట్ల జరిమానా. అంటే దాచిన దానికన్నా కట్టవలసినదే ఎక్కువ. స్విట్జర్లాండు 2019 నుండి భారతీయుల ఖాతాల వివరాలను మన ప్రభుత్వానికి పంపుతున్నది. ప్రైవేటు బ్యాంకు కూడా సొమ్ము మూలాన్ని అడుగుతుంది. ఎప్పుడు, ఎంతకు, ఏ ఖాతా నుండి కొన్నారో, పన్ను కట్టిన రశీదులెక్కడో చూపనిదే తలుపు తెరవదు.

మూడవది అన్నిటికన్నా బరువైనది. బిట్‌కాయిన్‌ను సొంత వాలెట్‌లో ఉంచుకున్నవారికి పన్నెండో, ఇరవై నాలుగో పదాల వరుసే తాళంచెవి. నిజాం సొమ్ము విషయంలో బ్యాంకు ఉంది, దస్తావేజులున్నాయి, తీర్పు చెప్పే న్యాయస్థానం ఉంది. ఆలస్యమైనా హక్కు దక్కింది. ఆ పదాలు ఎవరికీ తెలియకుండా మనిషి మరణిస్తే ఏ న్యాయస్థానమూ వాటిని వెలికి తీయలేదు. అన్నిసా సూరాలో అల్లాహ్ తల్లికి, తండ్రికి, భార్యకు, సంతానానికి వాటాలు నిర్ణయించాడు. ఉనికే తెలియని ఆస్తిలో వాటా ఎలా అడుగుతారు? తెలిసీ దాచినవాడు వారి హక్కును కాజేసినట్టే కదా? అప్పులను వ్రాసి ఉంచుకోవాలన్న ఆదేశం దివ్య ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘ వాక్యంలో ఉంది. ఇదీ వ్రాసి ఉంచవలసినదే. ఆ పదాల వరుసను మూసిన కవరులో భద్రపరచి, అది ఎక్కడుందో నమ్మకస్తులైన ఇద్దరికి చెప్పాలి. వీలునామా వ్రాస్తే వారసులు కానివారికి మూడింట ఒక వంతుకు మించరాదు.

పాఠకులారా, మీ ఇళ్ళలో గల్ఫ్ నుండి వచ్చినవారు, కంప్యూటరుపై సంపాదించినవారు ఉండవచ్చు. ఒక సాయంత్రం కూర్చోబెట్టి, కోపం లేకుండా అడగండి. కోపగించే తండ్రికి బిడ్డలు లెక్క చెప్పరు.

పది రోజుల తరువాత ఆ యువకుడు మళ్ళీ కనిపించాడు. చేతిలో పాత నోటుబుక్కు ఉంది. అందులో తేదీలు, మొత్తాలు వ్రాసుకున్నాడు. "అబ్బాకు చెప్పాను చాచా" అన్నాడు. ఏమన్నారని అడిగాను. "ఎంతుందని అడగలేదు. జకాత్ ఎన్నేళ్ళది బాకీ అని అడిగారు" అన్నాడు.