పని కోరువారును, పని యిచ్చువారును

ఏటేటను పరీక్షాఫలితములు వెలువడిన పిమ్మట మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల యిండ్లలో ఒక్కటే ప్రశ్న వినవచ్చును: "ఇక పిల్లవాడు ఏమి చేయును?" ఈ ప్రశ్నకు బంధువులు సమాధానము చెప్పుదురు, పొరుగువారు చెప్పుదురు, బస్సులో ప్రక్కన గూర్చున్నవారును చెప్పుదురు. పని యిచ్చువారు మాత్రము సాధారణముగ నోరు విప్పరు. తమ యెదుట గూర్చున్న యువకుని వారెట్లు తూచుదురో, ఎందుకు కాదందురో, ఆ తూకము ఎంతవఱకు న్యాయమో బహిరంగముగ చెప్పుట యరుదు. మేము ఇరువది సంవత్సరములకు పైగా ఈ ప్రాంతమున చిన్న పెద్ద సంస్థల కొఱకు మనుష్యులను ఎంచి పనిలో పెట్టుచున్నవారము. ఒకప్పుడు ఇట్టి మిషను పాఠశాల బల్లలపైనే గూర్చుండి చదివినవారము. కనుక ఆ తూకపు రహస్యమును కొంత విప్పి చెప్పుట మా విధి యని తలంచితిమి. చెప్పవలసినవానిలో మొదటిది మా తప్పే.

కొన్ని యేండ్ల క్రిందట మాకొక గుమాస్తా కావలసివచ్చెను. రాతిపలకల పెట్టెలు లెక్కించుట, లారీకి ఎక్కించిన సరుకును చిట్టాలో వ్రాయుట, నెలకొకసారి నిలువ సరిచూచుట, ఇంతియే పని. నలుబదిమంది వచ్చిరి. వారిలో కంభము చెఱువు క్రింది గ్రామమునుండి వచ్చిన యువకు డొకడుండెను. "నిన్ను గూర్చి ఇంగ్లీషులో చెప్పుము" అని యడిగితిమి. అతడు రెండు వాక్యములు చెప్పి ఆగిపోయెను. ముఖమున చెమట పట్టెను. అయిదు నిమిషములలో పంపివేసితిమి. మఱియొకడు ఇస్త్రీ చొక్కాతోను, తడబాటు లేని మాటలతోను, మాకు తెలిసిన పెద్దమనిషి యిచ్చిన సిఫారసు ఉత్తరముతోను వచ్చెను. అతనిని తీసికొంటిమి. అతడు దొంగ కాడు, సోమరియు కాడు. కాని అంకెలనిన అతనికి విసుగు. మూడు నెలలలో మా చిట్టాకును గిడ్డంగికిని పొత్తు లేకపోయెను.

మఱుసటి సంవత్సరము మా సరుకు కొన్న యొక వర్తకుని గిడ్డంగినుండి ఫోను వచ్చెను. "అయ్యా, బిల్లులో నలుబది పెట్టెలున్నవి, లారీనుండి నలుబదిమూడు దిగినవి. మూడును మీవే. ఏమి చేయమందురు?" మా వద్ద తప్పిన లెక్కను కొన్నవారి గుమాస్తా పట్టి చెప్పుచుండెను. తరువాత ఆ గిడ్డంగికి పోయి చూతుము గదా, ఆ గుమాస్తా కంభము చెఱువు క్రింది యువకుడే! "నీవు మా వద్దకు వచ్చితివి గదా?" అని యడిగితిమి. "వచ్చితినండి. మీరు లెక్క అడుగలేదు గదండి" అనెను. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. లేనందుననే అది మాకు లోతుగ నాటినది.

పలకల పనివారు ఈ విషయమున మాకంటె తెలివైనవారు. మార్కాపురపు రాయి కంభము శిలాశ్రేణికి చెందినది. ఉలి పెట్టిన పొరలు పొరలుగ చీలును. ఆంధ్రదేశమున ఎందఱో బిడ్డలు ఈ రాతిమీదనే ఓనమాలు దిద్దిరి. కాగితపు పుస్తకములును ప్లాస్టిక్ పలకలును వచ్చిన పిమ్మట బడిపలకకు గిరాకి తగ్గగా, అదే రాయి నేలకును, గోడలకును, ఇంటికప్పులకును పరచు బండగా మాఱి విదేశములకు ఎగుమతి యగుచు వచ్చెను. పలక మంచిదో కాదో తెలియవలెనన్న తట్టి చూడవలెను. గట్టి పలక ఖంగుమనును. లోపల బీట యున్నది మూగగ మ్రోగును. పై నునుపు చూచి లోపలి బీటను కనుగొన్నవాడు లేడు. మేమో, నునుపు చూచి మనిషిని కొనుచుంటిమి.

ఈ పొరపాటు మా ఒక్కరిదే కాదు. 1998లో ష్మిట్, హంటర్ అను ఇద్దఱు అమెరికా పండితులు 85 సంవత్సరములలో జరిగిన పరిశోధనలను క్రోడీకరించి, ఎంపిక పద్ధతులలో ఏది మనిషి పనితనమును ముందుగ తెలుపగలదో తూచి చూచిరి. చేయబోవు పనిలో కొంత భాగమును అక్కడనే చేయించి చూచుట మేలైన పద్ధతులలో నొకటిగ తేలెను. ముందుగ నిర్ణయించిన ప్రశ్నలనే అందఱిని ఒకే తీరున అడుగుటయు మంచిదే. తోచినట్లు తోచిన ప్రశ్నలడుగు ఇంటర్వ్యూ వీనికంటె తక్కువది. సిఫారసులును, గడచిన ఉద్యోగపు సంవత్సరముల లెక్కయు ఇంకను తక్కువవి. తరువాతి పరిశోధకులు ఈ లెక్కలను కొంత సవరించిరి గాని, తోచిన ప్రశ్నల యింటర్వ్యూను మొదటి పీటకు ఎక్కింపలేదు. మన కేంద్రప్రభుత్వమును 2016 జనవరి 1 మొదలు క్రింది తరగతుల ఉద్యోగములకు ఇంటర్వ్యూలను రద్దుచేసెను. ముఖము చూచి మార్కులు వేయుచోట పక్షపాతము దూరుట సులభమను సంగతి దేశమంతయు ఎఱిగినదే.

ఆ యువకుని మాట విన్న పిమ్మట మేమును మా పద్ధతి మార్చుకొంటిమి. గుమాస్తా పనికి వచ్చినవారికి చిందరవందరగ నున్న యిరువది బిల్లులిచ్చి తేదీల వరుసన పెట్టుమందుము. ఒక పెట్టెల గుట్టను లెక్కింపుమందుము. సరుకు ఆలస్యమైనందుకు కొనుగోలుదారునకు తెలుగులో నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాయుమందుము. అరగంటలో పని తెలియును, మనిషియు కొంత తెలియును. లెక్క తప్పినప్పుడు దాచువాడెవడో, "తప్పినది, మరల చూచెదను" అనువాడెవడో మాకు ఆ అరగంటయే చెప్పును.

మన ప్రాంతపు చరిత్రలో దీనికొక పాత దృష్టాంతము కలదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన మహాక్షామమున, ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వు కంట్రాక్టును తానే తీసికొనెను. దొరతనమునకు మునుపు, అనగా మిషనరీ కాకమునుపు, ఆయన అమెరికాలో భూములు కొలుచు సర్వేయరుగ పనిచేసినవాడు. ఆ కాలువపనికి వచ్చినవారు ఆకలిచేత చిక్కి సగమైనవారు. తోలుపనియు పొలముపనియు తప్ప కాలువపని యెఱుగనివారే వారిలో అనేకులు. వారిని చేర్చుకొనునపుడు మునుపటి అనుభవమును, పెద్దల ఉత్తరమును అడిగియుండినచో ఎందఱు బ్రదికియుందురు? చేతికి పాఱ యిచ్చి చూచుటయే అక్కడి పరీక్ష. త్రవ్విన మట్టియే యోగ్యతాపత్రము. ఉద్యోగమిచ్చుట యనగా నొక మనిషికి తన పని చూపుటకు అవకాశమిచ్చుట యని మేము దీనినుండి గ్రహించుచున్నాము.

పని యిచ్చువారి తప్పులు ఇంతటితో తీరలేదు. అర్ధవీడునుండియో, కొమరోలునుండియో రెండు బస్సులు మాఱి, ఒక దినపు కూలి పోగొట్టుకొని వచ్చినవానిని సాయంకాలము వఱకు వరండాలో నిలువబెట్టుదుము. "తరువాత తెలిపెదము" అని చెప్పి ఎన్నటికిని తెలుపము. అతడు నెలల తరబడి ఫోను చూచుకొనుచు, ఇంకొక పనికి పోక కాచుకొని యుండును. లేదని చెప్పుటకు ఒక్క నిమిషము చాలును. ఆ నిమిషమును మిగుల్చుకొనుట పిసినారితనము కాదు, క్రౌర్యము. ఇంటిపేరు అడుగుచున్నట్లు నటించి కులమును కూపీ లాగుట మఱియొక తప్పు. యువతి వచ్చిన, పని సంగతి విడిచి "పెండ్లి ఎప్పుడు?" అని యడుగుట యింకొకటి. నియామకములందు స్త్రీపురుష భేదము పనికిరాదని 1976 నాటి సమాన వేతన చట్టమే శాసించెను. అర్ధశతాబ్దము గడచినను ఆ ప్రశ్న మాత్రము మన నాలుకలను విడువలేదు. ఇట్టి ప్రశ్నలకు సమాధానము రాబట్టినవాడు మంచి గుమాస్తాను పోగొట్టుకొనును. అడిగించుకొన్నవారు మనసు విఱిగి పోవుదురు.

ఇక పని కోరువారి సంగతి. విద్యార్థులారా, మీ అర్జీలను వందలకొలది చదివినవారము గనుక చెప్పుచున్నాము. అవి యన్నియు ఒకే అచ్చున పోసినట్లుండును. అందఱును కష్టపడువారే, అందఱును నిజాయితీపరులే, అందఱును నలుగురితో కలసి పనిచేయువారే. మాకు కావలసినది మాత్రము అందులో నుండదు. సెలవులలో తండ్రి కొట్టిన పలకల లెక్క వ్రాసినవాడు దానిని వ్రాయడు. ఇంటి పాడి చూచుచు పాలకేంద్రపు చీటీలను నెలనెల సరిచూచిన బాలిక దానిని వ్రాయదు. తల్లిదండ్రులు కూలికి హైదరాబాదు వలసపోగా, తమ్మునికి వండిపెట్టి బడికి పంపి తానును చదివి తేఱినవాడు "అనుభవము: లేదు" అని వ్రాయును! కూలివాని బిడ్డ నని తెలిసిన చులకన యగుదునని భయము. మేము చెప్పుచున్నాము: ఆ ఒక్క పంక్తి వ్రాసినచో మిమ్ములను పిలిచి చూచియుందుము. వచ్చినది వచ్చునని చెప్పుడు. రానిది రాదని చెప్పుడు. నేర్చుకొందునని చెప్పినచో, నేర్చుకొన్నది ఇంతకుముందు ఏదైన నున్న దానిని చూపుడు. ఇంగ్లీషు నేర్చుకొనుడు, అది మిక్కిలి అవసరము. కాని అది రాకపోవుట బుద్ధి లేకపోవుట యని భ్రమపడకుడు.

ఉపాధ్యాయులకును ఒక మనవి. మీరిచ్చు యోగ్యతాపత్రములందు "ప్రవర్తన సంతృప్తికరము" అను మాటయే కలకాలము వచ్చుచున్నది. అది సన్మార్గునకును అల్లరివానికిని సమానముగ వర్తించును. "ఈ బాలుడు రెండేండ్లు ప్రయోగశాల తాళపుచెవులు చూచెను, ఒక్క గాజుపాత్రయు లెక్క తప్పలేదు" అని వ్రాసినచో అది మాకు పది సిఫారసు ఉత్తరముల పెట్టు. పెద్దమనిషి సిఫారసు అతడు ఎవరి నెఱుగునో చెప్పును. ఉపాధ్యాయుని పత్రము తాను కన్నులార చూచినదానిని చెప్పగలదు. రెండును ఒకటి కావు.

తలిదండ్రులారా, మీ యింటి దుఃఖమును మేము ఎఱుగకపోలేదు. వాననమ్మిన నేల మనది. నీరు చాలక ఏటేట వలసపోవు కుటుంబములు మనవి. అందుచేత నెలజీతపు ఉద్యోగము మీకు ఊతకఱ్ఱగ కనబడుట సహజము. సర్కారు కొలువు కోరుట తప్పు కాదు. కాని లెక్క చూడుడు. 2019లో గ్రామ, వార్డు సచివాలయములలో 1,26,000కు పైగా ఉద్యోగములకు ప్రకటన రాగా, సుమారు 21 లక్షల అర్జీలు పడెను. 2025 మెగా డీఎస్సీలో 16,347 ఉపాధ్యాయ పదవులకు మూడు లక్షలకు మించినవారు పోటీపడిరి. అనగా మొదటిదానిలో పదునేడింట నొకటి, రెండవదానిలో సుమారు ఇరువదింట నొకటి. మిగిలిన పదునాఱుగురును, పందొమ్మిదిమందియు మందబుద్ధులా? కారు. ఇది అవమానము కాదు, భాగహారము. పరీక్ష తప్పిన బిడ్డను ఏండ్ల తరబడి గదిలో బెట్టి, "ఇంకొకసారి, ఇంకొకసారి" అని వేచియుండుటకంటె, చదువుచునే ఏదైన నొక పని చేయనిండు. పని చేయువాని చేయి మొద్దువాఱదు, పుస్తకమును మఱవదు.

ఒకనాడు ఒక తండ్రి తన కుమారునితో మా వద్దకు వచ్చి, తువ్వాలు ముడి విప్పుచు, "ఎంత ఇయ్యవలెనండి?" అని యడిగెను. అంతకుముందే పట్టణములో ఉద్యోగమని చెప్పిన యొక దళారికి రెండెకరములు తాకట్టుపెట్టి డబ్బు ముట్టచెప్పియుండెను. ఉద్యోగమును రాలేదు, దళారియు కనబడలేదు. తువ్వాలు మరల ముడివేయించి, బాలునిచేత బిల్లులు సర్దించి చూచితిమి. ఆ పనికి అతడు తగడయ్యెను. లేదని ఆనాడే, ఎందుకో వివరించి చెప్పితిమి. "లేదని చెప్పినవారు మీరే మొదటివారు" అనెను ఆ తండ్రి. అతని కంటిలోని నీరును చూచిన పిమ్మట మాకు రెండు సంగతులు దృఢపడెను. డబ్బు పుచ్చుకొని యిచ్చునది ఉద్యోగము కాదు, ఎర. లేదని సూటిగ చెప్పుటయు నొక ఉపకారమే.

కాబట్టి మా యభిప్రాయము నింతతో ముగించుచున్నాము. పని యిచ్చువారు పని చేయించి చూడవలెను. కులమును, పెండ్లిని, పెద్దల ఉత్తరములను బల్లమీదనుండి తీసివేయవలెను. వచ్చిన ప్రతివానికి వారములోగ అవుననియో కాదనియో తెలుపవలెను. పని కోరువారు తాము చేసిన దానిని దాచక చెప్పవలెను. ఈ పాఠశాలనుండి ఈ సంవత్సరము బయటికి పోవుచున్న విద్యార్థులారా, మీలో కొందఱు రేపు మా యెదుట కుర్చీలో గూర్చుందురు. ఇంకను కొంతకాలమునకు మీలో కొందఱు మేమున్న కుర్చీలోనే గూర్చుందురు. ఆనాడు గ్రామమునుండి వచ్చి, చెమట పట్టి, మాట పెగలక నిలిచిన యువకుడు మీ యెదుటికి వచ్చును. అతనిని లెక్క అడుగుడు.