చేను కాపలా తుపాకీ: చట్టం ఇమ్మంటోంది, ఆఫీసు వద్దంటోంది

అడవిపంది చేలో పడితే రైతు చేతిలో ఏముంది? గట్టున కట్టిన పాత చీర, కొట్టడానికి ఖాళీ డబ్బా, టార్చిలైటు, నాలుగు టపాసులు. వెలిగొండ అంచున పామూరు, చంద్రశేఖరపురం మండలాల్లోనూ ఇంతే, నల్లమల అంచున మార్కాపురం, గిద్దలూరు వైపూ ఇంతే. వేరుశనగ ఊడలు దిగే వేళకు పందుల మందలు కొండ దిగుతాయి. అవి తినేది పావలా అయితే ముట్టెతో పెళ్లగించి పాడుచేసేది ముప్పావలా. రాత్రంతా మంచె మీద గొంతు చించుకున్నవాడు తెల్లారి చేను చూసుకుని కూలబడతాడు.

తుపాకీ మాట ఎత్తగానే మనవాళ్లే కొందరు ఉలిక్కిపడతారు. "మనకెందుకన్నా, కేసులవుతాయి" అంటారు. చట్టం చదవనివాళ్ల భయం ఇది. ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకు ఈ భయమే పెట్టుబడి.

మన కుర్రాళ్లు ఇంకో రకం. ఫోన్లో అమెరికా రైతుల వీడియోలు చూసి, "పెద్దనాన్నా, మనకూ ఆ పొట్టి రైఫిలు దొరకదా" అని అడుగుతున్నారు. వాళ్లు చూసేది లీవర్ రైఫిలు. గుర్రం కింద ఉండే కడ్డీని ఒకసారి కిందికి తోసి పైకి లాగితే ఖాళీ తూటా బయటపడి కొత్త తూటా ఎక్కుతుంది. వించెస్టర్ కంపెనీ 1894లో తెచ్చిన రకం అక్కడ లక్షల్లో అమ్ముడుపోయింది. తేలిక, పొట్టి, జీపులో పెట్టుకోవచ్చు, భుజాన వేసుకుని పొదల్లో దూరొచ్చు. అక్కడి రైతు దాన్ని కొని తనకు కావలసినట్టు మార్పించుకుంటాడు. గొట్టం కుదించుకుంటాడు, కట్టె మార్చుకుంటాడు, గురి చూసుకునే అద్దం బిగిస్తాడు.

కుర్రాళ్లకు నా జవాబు ఇది: మన చేలకు రైఫిలు పనికిరాదు. రైఫిలు గుండు తప్పితే కిలోమీటర్లు పోతుంది. అమెరికాలో చేను దాటితే ఇంకో చేను, అదీ కనుచూపు మేర ఖాళీ. ఇక్కడ మన కంది చేను అవతల జీవాలు తోలుకొచ్చి మంద పెట్టుకున్న గొర్రెల కాపరి పడుకుని ఉంటాడు. పక్క చేలో మనలాగే ఇంకొకడు కాపలా ఉంటాడు. చీకట్లో ఎవడు ఎక్కడున్నాడో దేవుడికే తెలియాలి. మనకు కావలసింది లోపల గాడి లేని పన్నెండు బోరు, సింగిల్ బ్యారెల్ అయినా చాలు. పెద్ద గుళ్ల తూటా వేస్తే 40 గజాల లోపు పనిచేస్తుంది, ఆ దూరం దాటితే గుళ్లు చెదిరి జోరు తగ్గుతుంది. గుడ్డిగా పేల్చడానికి అదీ పనికిరాదనుకోండి. దానికి భుజం పట్టీ, వెనక రబ్బరు మెత్త, ముందు కొనన తెల్ల పూస ఉంటే అంతకంటే సోకులు అక్కర్లేదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. గొట్టం పొడుగైందని కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి కోయించే ఆలోచన ఎవరూ పెట్టుకోవద్దు. ఆయుధాల చట్టం సెక్షన్ 6 ప్రకారం ప్రత్యేక లైసెన్సు లేకుండా గొట్టం కుదించడం నేరం. లైసెన్సున్న తుపాకీ అయినా అంతే. లైసెన్సు లేని నాటు తుపాకీ దొరికితే 2019 సవరణ తర్వాత రెండేళ్లకు తగ్గని జైలు, అయిదేళ్ల దాకా పోవచ్చు. పంది తిన్న చేను వచ్చే ఏడు మళ్లీ వేసుకోవచ్చు. జైల్లో పోయిన ఏళ్లు మళ్లీ రావు.

ఇక చట్టం ఏమంటుందో చూడండి. 1959 ఆయుధాల చట్టం, సెక్షన్ 13, ఉప సెక్షన్ 3. నిజంగా పంట రక్షణ కోసం అడిగిన పౌరుడికి మూతిలో మందు కూరే తుపాకీకి లైసెన్సు "ఇవ్వాలి" అని ఉంది. "ఇవ్వవచ్చు" అని కాదు. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే, 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న, గాడి లేని వేరే తుపాకీ కూడా ఇవ్వొచ్చని దాని కిందే రాసి ఉంది. అంటే పన్నెండు బోరుకు దారి చట్టంలోనే ఉంది. నేరస్తుడికో, మతి స్థిమితం లేనివాడికో, శాంతిభద్రతలకు ముప్పు అనుకున్నవాడికో నిరాకరించే అధికారం సెక్షన్ 14లో ఉంది, అది ఉండాల్సిందే. కానీ అదే సెక్షన్ మరో రెండు మాటలు కూడా చెబుతోంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ నిరాకరించకూడదు. కౌలు రైతులు ఈ మాట గుండెల్లో రాసుకోవాలి. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, అడిగితే క్లుప్తంగా ఇవ్వాలి. ప్రజాహితం పేరు చెప్పి దాచుకునే వెసులుబాటు ఒకటి పెట్టుకున్నారు గానీ, చేను కాపలాకు తుపాకీ అడిగిన రైతు విషయంలో దాచాల్సిన రహస్యం ఏముంటుంది?

మరి ఆఫీసులో జరిగేది? అర్జీ తీసుకుని "చూస్తాం" అంటారు. ఆరు నెలలకు పోతే "పోలీసు రిపోర్టు రాలేదు" అంటారు. అక్కడికి పోతే "పైనుంచి అడగలేదు" అంటారు. చివరికి ఒక గుమాస్తా చెవిలో, "ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదులే, తిరగబాక" అంటాడు. నాతో అన్న మాటే ఇది. ఏ ఆఫీసన్నది ఎందుకులే, అన్ని చోట్లా అదే పాట. ఇవ్వం అని కాగితం మీద మాత్రం రాయరు. రాస్తే సెక్షన్ 18 కింద అప్పీలుకు పోతామని వాళ్లకు తెలుసు.

మందు కూరే తుపాకీ సంగతి కూడా మాట్లాడుకుందాం. మందు పోసి, పీచు కూరి, గుళ్లు వేసి, మళ్లీ కూరి, క్యాపు పెట్టి ఒక్కసారి పేల్చేసరికి మంద పక్క చేలోకి పోతుంది. రెండోది నింపేలోపు తిరిగి వస్తుంది. వాన తుంపర పడితే మందు తడిసి అది ఉత్త గొట్టం. పల్లె రైతుకు ఇంతకుమించి ఆయుధం ఎందుకన్న అనుమానం 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు తెచ్చిన చట్టానిది. ఆ చట్టంలో తెల్లవాళ్లకు మినహాయింపు, మనవాళ్లకు లైసెన్సు. తెల్లవాడు పోయాడు, అనుమానం ఆఫీసు బీరువాలో ఉండిపోయింది. మన పక్క రాష్ట్రంలోని కొడగులో కొడవలకు, జమ్మా భూములున్నవాళ్లకు లైసెన్సు అవసరం లేకుండా మినహాయింపు ఉంది. కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. వాళ్లకు తీసేయమని మనం అనం. అక్కడ ఇళ్లలో తుపాకులున్నా కొంప మునగనప్పుడు, ఇక్కడ లెక్కలో, లైసెన్సుతో, శిక్షణతో ఒక్క తుపాకీ ఇస్తే దేశం మునుగుతుందా అని అడుగుతున్నాం.

పైగా ఎన్నికలొస్తే ఉన్న కొద్దిమంది తుపాకులూ స్టేషన్లో పెట్టిరావాలి. ఎన్నికల సంఘం ఆదేశాల్లో అందరివీ గుత్తగా పట్టుకురమ్మని లేదు. బెయిలు మీద ఉన్నవాడు, నేర చరిత్ర ఉన్నవాడు, అల్లర్లలో ఉన్నవాడు, ఇలా ఒక్కొక్కరి విషయం జిల్లా స్క్రీనింగ్ కమిటీ చూసి తేల్చాలి. కారణం లేకుండా అందరినీ డిపాజిట్ చేయమనడం కుదరదని 2024లో అలహాబాద్ హైకోర్టు కూడా చెప్పింది. కానిస్టేబుల్ ఫోనుకు భయపడి పంట చేలో ఉండగా తుపాకీ అప్పగించే ముందు, నా పేరు మీద కమిటీ ఉత్తర్వు ఏదీ అని అడగండి.

తుపాకీ లైసెన్సు వచ్చినంత మాత్రాన పందిని కాల్చే హక్కు వచ్చినట్టు కాదు, ఇది మరువొద్దు. గాలిలోకి పేల్చి తరమడం వేరు, చంపడం వేరు. 2022 సవరణ తర్వాత అడవిపంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. చేలో పంటకు ప్రమాదకరంగా మారినప్పుడు సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చినవారు గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వాలి. కేరళ ప్రభుత్వం 2022లో ఈ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించింది. లైసెన్సున్నవాళ్ల జాబితా పెట్టుకుని వాళ్లతోనే కాల్పిస్తున్నారు. పామూరు రైతు అనుమతి కోసం ఎవరి గుమ్మం తొక్కాలి? మన సర్పంచికి ఆ అధికారం ఎందుకు ఉండకూడదు?

చట్టబద్ధమైన దారి మూసేస్తే జనం ఏ దారి పడుతున్నారో అందరికీ తెలుసు. మోటారు తీగ నుంచి నేరుగా కరెంటు లాగి గట్టు చుట్టూ జీఐ తీగ కడుతున్నారు. అది పందిని, పాలేరును, నీళ్లు కట్టను పోయిన సొంత కొడుకును వేరు చేసి చూడదు. సోలార్ కంచె వేరు, అది క్షణకాలం ఝలక్ ఇచ్చి వదులుతుంది. నాటు బాంబు ఉండలు పెడితే గేదె దవడ పగులుతోంది, ఏరుకున్న పిల్లల చేతులు పోతున్నాయి. తుపాకీ ప్రమాదమని లైసెన్సు ఆపినవాళ్లు ఈ చావుల లెక్క ఎవరి ఖాతాలో రాస్తారు?

వేరుశనగ చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వేయమని శాస్త్రవేత్తలు చెప్పారు, కొంత పనిచేస్తుంది, వేయండి. దాంతో తుపాకీ అవసరం తీరిపోయిందని ఆఫీసులో ఎవరైనా అంటే మాత్రం ఒక్క రాత్రి మంచె ఎక్కమనండి.

ఈ నెల చేయాల్సింది ఇది. అడివంచు ఊళ్లలో ఊరికి ఇద్దరు, వయసులో ఉన్నవాళ్లు, తాగుడు అలవాటు లేనివాళ్లు, కేసులు లేనివాళ్లు ముందుకు రావాలి. పట్టాదారు పాసుపుస్తకం, కౌలు రైతయితే సాగు హక్కు కార్డు, దెబ్బతిన్న చేను ఫొటోలు, పంట రక్షణ కోసమేనని పంచాయతీ తీర్మానం జత చేసి కలెక్టరు గారికి అర్జీ పెట్టండి. మందు కూరే తుపాకీ ఎందుకు చాలదో నాలుగు వాక్యాలు విడిగా రాయండి. రశీదు లేకుండా కదలొద్దు. నిరాకరిస్తే కారణాలు రాసిమ్మని ఇంకో అర్జీ పెట్టండి. ఆ కాగితాలన్నిటి జిరాక్సులు పామూరు సంఘం ఆఫీసుకు చేర్చండి, అప్పీళ్లు అన్నీ కలిపి ఒకేసారి వేద్దాం.