కచేరీ టికెట్ మీద లొల్లి సరే, ఒగ్గు కథకు బేరమెందుకు?

ఇయ్యాల యూరియా గురించి కాదు, తేమ శాతం గురించి కాదు. టికెట్ గురించి మాట్లాడుకుందాం. పోస్టు పొడుగున్నది, ఓపికతోని ఆఖరిదాకా చదువుండ్రి.

వడ్ల పైసలు ఖాతాల పడ్డయో లేదో, ఇంట్ల పోరగాండ్లు హైదరాబాద్ కచేరీకి టికెట్ కావాలంటున్నరు. జనగామల అదే మాట, మానుకోటల అదే మాట, భూపాలపల్లిల అదే మాట. మన వాట్సాప్ గ్రూపులల్ల రెండు పార్టీలైనయి. ఒక పార్టీ "పాట వినడానికి వేలకు వేలా, మతి ఉన్నదా" అంటది. ఇంకో పార్టీ "పోనీయుండ్రి, వయసుల చూడకపోతే ఎప్పుడు చూస్తరు" అంటది. నాకైతే రెండు పార్టీల మీద కోపమే ఉన్నది. ఎందుకో చెప్త.

ముందు లెక్క. టికెట్ నాలుగు వేలు అనుకుందాం. ఐదు వందలు దాటిన కచేరీ టికెట్ మీద 18 శాతం జీఎస్టీ. అది రేటుల కలపకుంటే ఇంకో 720. ఆన్‌లైన్ల కొన్నందుకు ఆ కంపెనీ ఫీజు వేరే. రానుపోను చార్జీలు, లోపల తిండి, నీళ్లు, రాత్రి ఆగితే రూము. ఆరు వేలు ఎటూ పోవు. 2025-26 మద్దతు ధర ప్రకారం ఏ గ్రేడ్ వడ్లు క్వింటాల్‌కు 2,389. అంటే రెండున్నర క్వింటాళ్ల వడ్లు. పత్తి లెక్కన పొడుగు పింజ క్వింటాల్‌కు 8,110, అంటే దగ్గర దగ్గర ముప్పావు క్వింటాల్. పత్తి ఏరినోళ్లకు తెలుసు ముప్పావు క్వింటాల్ అంటే ఎన్ని గంటల నడుము నొప్పో.

పోవాలెనా వద్దా అంటే నా మాట సాఫ్. పిల్లగాడు సొంతంగ సంపాదించుకున్న పైసలైతే వాని ఇష్టం, మనం అడ్డం పడొద్దు. మనం తాగే బీరుకు, ఆడే పత్తాలకు ఎవ్వల పర్మిషన్ అడుగుతున్నం? కానీ మందుల దుకాణంల ఖాతా తీరకముందు, బ్యాంకుల క్రాప్ లోన్ రెన్యువల్ కాకముందు, అయ్య దగ్గర గుంజుకొని పోతా అంటే మాత్రం వద్దనే చెప్పాలె. అప్పు మీద ఎరువు తెస్తం గని పాట తెచ్చుకోం.

పోయేటోళ్లు ఒక్క సంగతి యాదుంచుకోవాలె. టికెట్ దొరకపట్టుడే పెద్ద కథ. 2024 సెప్టెంబర్ 22 నాడు ముంబైల కోల్డ్‌ప్లే అనే ఇంగ్లీషు బృందం కచేరీకి టికెట్లు పెడితే కోటి మందికి పైగా ఒక్కసారే ఆన్‌లైన్ల ఎగబడ్డరు. అందరూ అయిపోయినయి అనుకునేలోపే అవే టికెట్లు బయట లక్షలకు అమ్మకానికి వచ్చినయి. ఆఖరికి ఈడీ అధికార్లు సోదాలు చేసేదాకా పోయింది. మన తాన విత్తనాల సంచి దుకాణంల ఉండదు, పక్క సందుల బ్లాక్‌ల ఉంటది గదా, గదే కథ. మనకు కొత్త కాదు.

అట్లనే టికెట్ చేతిలున్నా లోపలికి పోతమన్న గ్యారంటీ లేదు. 2023 సెప్టెంబర్ 10 నాడు చెన్నైల ఏఆర్ రహమాన్ కచేరీల ఏమైంది? పైసలు పెట్టి కొన్నోళ్లు గేటు కాడికి రాలేక ఎనుకకు మళ్లిండ్రు. ఆయన క్షమాపణ చెప్పి పైసలు వాపస్ ఇప్పిస్తా అన్నడు. అంత పెద్ద మనిషి కచేరీలనే అట్లయితే మిగతావి మీరే ఆలోచించుకోండ్రి.

అందుకే కంపెనీ చెప్పిన యాప్‌లనే కొనాలె. టెలిగ్రాంల, ఇన్‌స్టాల ఎవడో "అన్నా నా దగ్గర రెండు ఎక్స్‌ట్రా ఉన్నయి" అని క్యూఆర్ ఫోటో పంపితే నమ్మొద్దు. ఆ ఫోటో పది మందికి పంపుతడు, గేటు కాడ ముందు పోయినోనికే పనిచేస్తది. మోసపోతే సిగ్గుపడి ఊకోకుండ్రి, జప్పున 1930 కు ఫోన్ కొట్టుండ్రి. టికెట్ నిజమైనదే అయి లోపలికి రానియ్యకపోతే 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ ఉన్నది. కచేరీ రాత్రి ఏ పదింటికో అయిపోతది. జనగామోళ్లకు, మానుకోటోళ్లకు రైలు ఉన్నది గని ఆ టైమ్‌కు దొరుకుతదా లేదా ముందే చూసుకోవాలె. భూపాలపల్లోళ్లకు ఆ రైలూ లేదు. తిరుగు ప్రయాణం తేల్చుకోకుండ టికెట్ మీద వేలు నొక్కొద్దు.

ఇగ పెద్దమనుషుల దగ్గరికి వస్త. "కచేరీ అంటే తాగుడు, తందనాలు" అంటరు. 2024 నవంబర్ 15 నాడు హైదరాబాద్‌ల పంజాబీ గాయకుడు దిల్జిత్ దొసాంజ్ కచేరీకి ముందు మందు మీద పాటలు పాడొద్దని అధికారులు నోటీసు ఇచ్చిండ్రు. మనోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. మరి మన ఊర్ల బారాతుల ఏం నడుస్తున్నది? బెల్టు షాపు సీసా చేతిల పట్టుకొని డీజే ముందట ఎగిరేది ఎవలు? ఆ డబ్బాల మోతకు ముసలోళ్ల గుండె దడదడ కొట్టుకుంటది, బర్రెలు పలుపు తెంపుకుంటయి. దానికి నోటీసు ఎవలిచ్చిండ్రు? పట్నం కచేరీల తప్పు కనపడ్డ కండ్లకు మన గల్లీ కనపడదా?

అసలు మాటకు వస్తున్న. కచేరీ పెట్టేటోడు తన పాటకు తనే ధర కట్టుకున్నడు. ఇష్టమైతే కొను, లేకపోతే పో అంటడు. మన వడ్లకు మనం ధర కట్టుకోలేకపోతున్నమని రోజూ ఏడ్చేటోళ్లం మనం. తన కష్టానికి తను రేటు చెప్పెటోణ్ణి చూసి మనకే మంట పుడితే ఎట్ల? మంట పుట్టాల్సింది వేరే చోట. మన ఊర్ల తన రేటు తను చెప్పుకోలేని కళాకారుడు ఉన్నడు. ఆయన నోరు నొక్కింది పట్నపోడు కాదు, మనమే.

బీరప్ప పండుగకో, మల్లన్న పట్నాలకో ఒగ్గు కథ పెట్టిస్తం. బృందం పెద్ద ఇరవై వేలు అడిగితే "గంతనా, పది తీసుకో, దేవుని పని గదా" అంటం. ఐదారుగురు మనుషులు, డోలు, తాళాలు, ఆటో కిరాయి, తెల్లార్లు గొంతు. పది వేలల్ల మనిషికి ఏం మిగులుతది? కలుపు తీసే కైకిలి లెక్క కూడ పడకపోవచ్చు. అదే కమిటోళ్లు నిమజ్జనం నాడు డీజే వాడు ఎంతంటే అంత లెక్కపెట్టి చేతిల పెడతరు, అడ్వాన్సు కూడ ముందే ఇస్తరు. డీజే కాడ దేవుని పని యాదికి రాదెందుకు?

ఈ మాట ఇంకెక్కడనో చెప్పినా చెల్లు గని, మన దిక్కు చెప్తుంటే సిగ్గు కావాలె. ఒగ్గు కథను దేశమంతా తిప్పిన చుక్క సత్తయ్య మన జనగామ జిల్లా మాణిక్యపురపాయన. కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నరు, 2017ల కాలం చేసిండ్రు. చిందు యక్షగానానికి 2024ల పద్మశ్రీ వచ్చిన గడ్డం సమ్మయ్య దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె ఆయన. అవార్డు వచ్చిననాడు మనమందరం స్టేటస్‌లు పెట్టినం, "మన జిల్లా గర్వం" అని రాసినం. ఆ యేడాది మీ ఊర్ల ఒక్క చిందు ఆట పెట్టించిండ్రా? గుండె మీద చెయ్యేసుకొని చెప్పుండ్రి.

ఎన్కట చిందు ఆటకు టికెట్ లేకుండె అనుకునేరు. ఉండె. దాని పేరు మిరాసీ. ఏ కుటుంబానికి ఏ ఊర్లు అన్నది కట్టుబాటు, పంటకు ఇంత గింజలు అని హక్కు. ఆ హక్కు పక్కన అవమానం కూడ ఉండె, అది దాచొద్దు. రాత్రి రాముని వేషం కట్టిన మనిషిని పొద్దుగాల వాకిట్ల నిలబెట్టి గింజలు పోసిండ్రు మన తాతలు. మనం ఏం చేసినం? గింజలు బంద్ పెట్టినం, నిలబెట్టుడు మాత్రం అట్లనే ఉంచినం. బంద్ కావాల్సింది ఆ రెండోది.

"సర్కారు చూసుకుంటది గదా" అనేటోళ్లు ఉంటరు. దర్శనం మొగిలయ్య సంగతి తెలుసు గదా. పన్నెండు మెట్ల కిన్నెర పట్టి భీమ్లా నాయక్ సినిమాల పాడిండు, 2022ల పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలల హైదరాబాద్ దగ్గర కట్టడం కాడ కూలి పని చేసుకుంట కనపడ్డడు. అవార్డు ఒక్కనికి వస్తది, ఒక్క దినం వస్తది. చిందు ఆటకు పది పదిహేను మంది కావాలె, వాళ్లకు యేడాదంతా పొయ్యి మీద కుండ ఎక్కాలె. అది సర్కారు సన్మానంతోని కాదు, ఊరు పిలిస్తేనే అయితది.

"పోరగాండ్లకు నచ్చదు" అంటరు. వాళ్లకు ఎప్పుడు చూపించినం? పాడేటోనికి సరైన మైకు పెట్టం, మధ్యల సర్పంచి సన్మానం, ఇంకో నాయకుని ప్రసంగం. కథ గంట సేపుకు కుదించుమంటం. అట్ల చేస్తే రహమాన్ కచేరీ అయినా ఎవడు చూస్తడు? పట్నంల మూడు గంటలు నిలబడి పాట వినే పిల్లలకు వినే ఓపిక లేక కాదు.

"రైతు కాడ పైసలెక్కడియి" అనే మాట ఒక్కటి నేను కాదనలేను. నిజంగనే లేవు. అందుకే కొత్త పైసలు అడుగుతలేను. డీజేకు పోయే పైసలల్ల సగం ఇటు మళ్లించుండ్రి అంటున్న. రెండు వందల గడప ఉన్న ఊర్ల ఇంటికి రెండు వందలు వేసుకుంటే నలభై వేలు. ఇంట్ల నలుగురుంటే మనిషికి యాభై రూపాయల టికెట్. మానుకోట తండాలల్ల తీజ్ పండుగకు పాడే అక్కలకు, భూపాలపల్లి అడవి దిక్కు కోయ డోలు కొట్టే అన్నలకు కూడ ఇదే లెక్క వర్తిస్తది.

నేను అడిగేవి నాలుగే. ఊరు కమిటీల ముందే రేటు మాట్లాడి సగం అడ్వాన్సు ఇయ్యాలె. వచ్చినోళ్లకు కుర్చీ వేసి, మనతోని పాటు బువ్వ పెట్టాలె. ఆట నడుస్తుంటే మధ్యల మైకు గుంజుకోవద్దు. మిగిలిన పైసలు తెల్లారి తిప్పించుకోకుండ ఆ రాత్రే చేతిల పెట్టాలె.

ఇవి చేసిన ఊరి రైతు, కొడుకు కచేరీ టికెట్ అడిగితే వద్దన్నా బాగుంటది, సరే అన్నా బాగుంటది. ఇవి చెయ్యని ఊర్ల కూసొని "పాటకు గన్ని పైసలా" అని కొడుకును తిడితే, వాడు మనలను ఒక్కటే అడుగుతడు: "నాయినా, నువ్వు పాటకు ఎన్నడన్న పైసలిచ్చినవా?"

సంక్రాంతి సంది ఉగాది దాకా మల్లన్న జాతర్లు, శివరాత్రికి కురవి. ఇప్పటి సంది మూడు నెలల ముందే మీ ఊరి కమిటీల ఈ మాట తియ్యుండ్రి. మీ ఊర్ల పోయినేడు డీజేకు ఎంత ఇచ్చిండ్రు, ఒగ్గు కథకు ఎంత ఇచ్చిండ్రు, రెండు అంకెలు కింద రాయుండ్రి. ఊరి పేరు రాయకున్నా సరే, అంకెలు మాత్రం నిజమైనవి రాయుండ్రి.