సంక్రాంతికి కళకళ.. ఫిబ్రవరికి వెలవెల! 2027 జనగణనలో పలాస, ఉద్దానం అసలు లెక్క తేలేనా?

సంక్రాంతి ముందు పలాస రైల్వే స్టేషన్‌లో కాలు పెట్టే చోటుండదు. హైదరాబాద్, చెన్నై, విశాఖ నుంచి వచ్చిన ప్రతి రైలూ ఉద్దానం కుర్రాళ్లను దింపి వెళ్తుంది. కనుమ దాటిందా.. సీన్ రివర్స్. అవే బ్యాగులు, అవే మనుషులు, తిరుగు ప్రయాణం. ఇప్పుడు ఈ రాకపోకల గురించి ఎందుకంటే.. దేశంలో ఎక్కువ ప్రాంతాల్లో తలలు లెక్కపెట్టేది సరిగ్గా ఆ తర్వాతే, 2027 ఫిబ్రవరిలో.

2021లో జరగాల్సిన జనగణన కోవిడ్‌తో ఆగిపోయింది. కొత్త లెక్కకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ఖరారు చేసింది. కులాల వివరాలు కూడా తీసుకునే ఈ లెక్క పూర్తిగా డిజిటల్. అప్పటిదాకా పలాస అయినా, టెక్కలి అయినా 2011 అంకెలతోనే నెట్టుకురావాలి.

2011 ఏం చెప్పింది?

జంట పట్టణాలైన పలాస-కాశీబుగ్గ మున్సిపాలిటీ జనాభా అప్పట్లో 57 వేల పైచిలుకు. టెక్కలిలో 28 వేలకు పైగా ఉన్నారు. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా మొత్తం 27 లక్షలు. అందులో పట్టణాల్లో ఉండేది నూటికి 16 మందే.

పదేళ్లలో దేశ జనాభా 17 శాతానికి పైగా పెరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 11 శాతం దగ్గర ఆగింది. శ్రీకాకుళం జిల్లా పెరిగింది మాత్రం ఆరున్నర శాతమే! కాన్పులు తగ్గడం ఒక కారణం. ఊళ్లు వదిలి వెళ్లడం రెండో కారణం.

ఆడవాళ్లు ఎక్కువ.. ఎందుకు?

జిల్లాలో వెయ్యి మంది పురుషులకు 1,015 మంది స్త్రీలున్నట్లు 2011లో తేలింది. దేశ సగటు 943. చూడగానే మంచి మాటే అనిపిస్తుంది. కానీ అదే లెక్కలో ఆరేళ్ల లోపు పిల్లల్ని విడిగా తీస్తే బొమ్మ తిరగబడుతుంది. అక్కడ ఆడపిల్లలే తక్కువ. పిల్లల్లో తక్కువగా ఉన్న ఆడవాళ్లు పెద్దయ్యేసరికి ఎక్కువ ఎలా అయ్యారు? ఆడవాళ్లు ఎక్కువ కాలం బతకడం కొంత. లెక్కపెట్టే రోజుల్లో మగవాళ్లు ఊళ్లో లేకపోవడం మరికొంత.

ఈ వలస నిన్నమొన్నటిది కాదు. తాతల కాలంలో 'రంగం' అంటే రంగూన్ వెళ్లారు. తర్వాత ఖరగ్‌పూర్, భిలాయ్, అండమాన్. ఇప్పుడు హైదరాబాద్ అపార్ట్‌మెంట్ పనులు, చెన్నై కంపెనీలు, గల్ఫ్. తీరం వెంబడి మత్స్యకారులది గుజరాత్ దారి. 2018లో పాకిస్థాన్‌కు చిక్కి 2020 జనవరిలో విడుదలైన మత్స్యకారుల్లో ఎక్కువ మంది ఈ జిల్లా వాళ్లే. ఆ కథే 'తండేల్' సినిమా అయింది.

ఆపైన 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు ఇల్లు గడవాలంటే కుర్రాడు రైలెక్కక తప్పదు.

ఊళ్లో మిగిలిన ఆడవాళ్లకు పలాస జీడి పరిశ్రమే దిక్కు. జీడి పిక్కలు కొట్టడం, పప్పు ఒలవడం, గ్రేడ్ చేయడం.. ఈ పనుల్లో ఎక్కువగా కనిపించేది వాళ్లే. పిక్క నుంచి కారే నూనెకు చేతులు కాలి నల్లబడతాయి.

అసలు మెలిక ఇక్కడే

జనగణనకు ఒక రూల్ ఉంది. లెక్కింపు జరిగిన రోజులన్నీ ఇంట్లో లేని మనిషిని ఆ ఇంటి లెక్కలో రాయరు. ఎక్కడ ఉంటే అక్కడే రాస్తారు. 2011లో ఈ గడువు ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. అంటే సంక్రాంతికి వచ్చి వెళ్లిన కుర్రాడు ఆధార్ కార్డులో ఉద్దానం వాడే, జనాభా లెక్కలో హైదరాబాద్ వాడు. అక్కడ సైట్ దగ్గర రేకుల షెడ్డులో ఉంటే, ఎన్యూమరేటర్ ఆ షెడ్డు దాకా రాకపోతే.. రెండు చోట్లా లేనట్టే!

రూల్‌లో న్యాయం లేదని కాదు. ఏడాదిలో పది నెలలు అతను వాడే నీళ్లు, రోడ్లు, బస్సులు హైదరాబాద్‌వే. కానీ జబ్బు చేస్తే అతను వచ్చేది ఇంటికి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తినేస్తోంది. ఇదీ కారణం అని నేటికీ ఖాయంగా తేలలేదు. డయాలసిస్ మొదలైతే వారానికి రెండు, మూడుసార్లు మెషీన్ మీద పడుకోవాలి. అద్దె గదిలో ఉండి అది కుదరదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి ఉద్దానానికి రూ.700 కోట్ల మంచినీటి పథకమూ వచ్చింది. వాటి మీద ఆధారపడేది ఊళ్లో ఉన్నవాళ్లే కాదు, రేపు తిరిగొచ్చేవాళ్లు కూడా.

అంకె తగ్గితే ఏమవుతుంది?

మైదాన ప్రాంతంలో 5 వేల మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం, 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ అన్నది ప్రమాణం. పంచాయతీలు, మున్సిపాలిటీలకు కేంద్రం ఇచ్చే నిధుల్లోనూ జనాభాయే ప్రధాన కొలమానం. వయసులో ఉన్నవాళ్లు ఒక లెక్కలోకి, ముసలివాళ్లు, రోగులు మరో లెక్కలోకి పోతే.. సంపాదించేవాళ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ ఉన్న ఊరుగా పలాస మిగులుతుంది.

సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు కడుతున్నారు. అది వలసను ఎంత ఆపుతుందో చెప్పడానికి 2027 లెక్కే తొలి గీటురాయి. పుట్టిన ఊరు, గతంలో ఉన్న ఊరు, వెళ్లిన కారణం.. ఇవన్నీ 2011లోనూ అడిగారు. ఈసారి ఆ వలస పట్టికలు త్వరగా బయటికొస్తేనే ఉద్దానానికి ఉపయోగం.

ఈలోగా ఇళ్లలో చేయాల్సింది చిన్న పని. ఫిబ్రవరిలో కొడుకుకి ఫోన్ చేసినప్పుడు 'తిన్నావా' అని అడుగుతారు కదా.. 'నిన్ను అక్కడ రాశారా' అని కూడా అడగాలి.