పితూరీయా, యుద్ధమా?

బొబ్బిలిలో 1757 జనవరి 24వ తేదీన జరిగినదానిని మనము యుద్ధ మనుచున్నాము. పద్మనాభమున 1794 జూలై 10వ తేదీన జరిగినదానినిగూడ యుద్ధ మనుచున్నాము. ఆ రెండింటికిని పుస్తకములు గలవు, పాటలు గలవు, బడిపిల్లలకు పాఠములు గలవు. వానికి పడమట నున్న కొండలలో తరతరములుగా సాగిన పోరులకు మాత్రము మన నోట వచ్చు మాట యొక్కటే: పితూరీ. తెనుగునాట పితూరీ యన నేమి? ఒకనిపై నింకొకడు పోయి అధికారితో చెప్పుకొను చాడి. తన యడవికై, తన పోడునకై ప్రాణ మొడ్డినవాని చేతకును, చాడీకోరు నోటికిని ఒకే పేరు చాలునని సర్కారు రికార్డులు వ్రాసికొన్నవి. వ్రాసికొన్నవారు 1947లో ఓడ నెక్కిరి. మాట మాత్రము మన పుస్తకములలోనే దిగబడిపోయినది.

రాజు కూలిన యుద్ధము, కొండవాడు కూలిన పితూరీయా? పద్మనాభమున విజయరామరాజు పడిన పిదప ఆయన చిన్న కుమారుడు నారాయణబాబును కాచిన దెవరు? కొండ జమీందారులు. మైదానపు క్షత్రియునకు కడపటి కోట మన్యమే యయ్యెను. ఈ సంగతి మన చరిత్రకారులు ఒక వాక్యములో చెప్పి ముందునకు సాగుదురు.

అవి చిన్న యలజడులు గదా, ఫిరంగులు లేవు గదా, యని కొందఱు పండితు లాక్షేపింతురు. మేము వారి నొక ప్రశ్న యడుగుదుము. 1879 మార్చిలో రంపలో రగిలిన మంట గొలుగొండకును, భద్రాచలము వైపునకును ప్రాకినపుడు, దాని నార్పుటకు మద్రాసు పటాలము లేల వచ్చెను? ఆశ్వికదళ మేల వచ్చెను? హైదరాబాదు కంటింజెంటు ఏల కదలెను? చాడీకోరును పట్టుటకు గుఱ్ఱపు రౌతులు వలయునా? ఆ పోరునకు మూలము కల్లుపై వేసిన చిగురుపన్ను. కొండవాని యాకలి తీర్చు జీలుగుచెట్టుపై మన్సబుదారుడును, కల్లు గుత్తదారుడును, వారి వెనుక పోలీసును కూర్చుండిరి. అణచిన పిదప సర్కారే ఆ మన్సబుదారుని తొలగించెను. అనగా తిరుగబడినవాని మాట నిజమని యొప్పుకొన్నట్లే. కాని కారము తమ్మన్నదొర అప్పటికే నేల కూలియుండెను. ఆయన పేరు ఎఱిగిన పట్టణవాసులు మనలో నెందఱు?

అరకు లోయకు ఈశాన్యమున, పాచిపెంట కొండలలో, కొఱ్ఱవానివలస యను పల్లె యున్నది. 1900 సంవత్సరమున అచ్చట కొఱ్ఱ మల్లయ్య యను కొండదొర తాను పంచపాండవులలో నొకని యవతారమనియు, తన పసికందు శ్రీకృష్ణుడనియు, తెల్లవారిని వెడలగొట్టి తానే రాజ్యమేలుదు ననియు చెప్పెను. వేలకొలది జనము చేరిరి. తుపాకులు లేవు గనుక వెదుళ్లు నఱికి తుపాకుల యాకారమున చెక్కి భుజముల నెత్తి కవాతు చేసిరి. స్వామి మహిమచే అవి నిజమైన తుపాకు లగుననియు, సర్కారు తుపాకులు నీరగుననియు వారి నమ్మకము. చూడవచ్చిన పోలీసు లిద్దఱు జనుల చేత చచ్చిరి. పిదప వచ్చిన దళము కాల్చినపుడు పదునొకండుగురు కూలిరి. మల్లయ్య జైలులో మరణించెను.

వెదురు తుపాకిని చూచి నవ్వువారు నవ్వవచ్చును. మాకు నవ్వు రాదు. ఆ వెదురు ఇరువదిరెండేండ్లకు నిజమైన తుపాకి యయ్యెను గనుక.

పద్మనాభము చెంతనున్న పాండ్రంగిలో 1897 జూలై 4వ తేదీన పుట్టిన అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై పడెను. మఱునాడు కృష్ణదేవిపేట. ఆ మఱునాడు రాజవొమ్మంగి. మూడు దినములలో మూడు ఠాణాలనుండి ఇరువదియాఱు తుపాకులును, రమారమి 2,500 తూటాలును చేతికి వచ్చెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడచిన మన దేశపు సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డు, హైటరు అను దొరలనే గుఱిచూచి కొట్టిరి. ఇట్టి గుఱి, ఇట్టి యోరిమి అలజడి మూకకు గలుగునా? మలబారు పోలీసులు చాలక 1924లో అస్సాము రైఫిల్సు వచ్చిరి. మే 7న కొయ్యూరులో, విచారణ యన్నది లేకుండ, రాజును కాల్చి చంపిరి.

రాజునకు కీర్తి దక్కినది, సంతోషము. కాని గాము గంటందొర, మల్లుదొర లెవరు? మోట్టడము వీరయ్యదొర యెవరు? తరతరముల ముఠాదారీ హక్కులు కోల్పోయి, గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియను క్రింద నర్సీపట్నము నుండి లంబసింగికి రోడ్డు వేయుచు, సగము కూలికి చెమటోడ్చినవా రెవరు? 1882 అడవి చట్టముచే పోడు కోల్పోయినవా రెవరు? రాజొక్కడు కొండపై నిలిచి పోరాడలేదు. మల్లుదొర ఖైదు ననుభవించి బయటికి వచ్చి, 1952లో విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికయ్యెను. ఈ మాట మన పాఠ్యపుస్తకములలో వెదకి చూడుడు. ఇక నాటి కాంగ్రెసు పెద్దలు అహింసావ్రతము పేర దూరముగ నిలిచిరి. గాంధీమహాత్ముడు సాయుధ మార్గము నొప్పకయే రాజు ధైర్యమును పిదప కొనియాడెను.

ఇపుడు విగ్రహములకు కొఱత లేదు. 2022 ఏప్రిల్ 4న పాడేరు ముఖ్యపట్టణముగా ఆయన పేర జిల్లాయే వెలసెను; అరకు లోయ అందులోనిదే. ఆ జూలైలో భీమవరమున ముప్పది యడుగుల కంచు విగ్రహము నిలిచెను. విగ్రహమును మేము తప్పుపట్టము. విగ్రహమునకు దండ వేసిన చేయియే కొండవాని భూమికి దస్తావేజు వ్రాయించుకొనుటకు చాచబడుచున్నదని మా యాక్షేపణ. కొండభూమి యన్యుల పాలు గాకుండ 1917లో ఒక చట్టము, 1959లో ఒక నిబంధన వచ్చెను. 1970 సవరణతో అది 1/70 యను పేర ప్రసిద్ధికెక్కెను. 1997లో సమత వ్యాజ్యమున సుప్రీముకోర్టు అనంతగిరి కొండలలో గిరిజనేతరులకు గనుల కౌళ్లు చెల్లవని తీర్పు చెప్పెను. అయినను పర్యాటకము కొఱకు 1/70ని సడలింపవలెనన్న మాట 2025 జనవరిలో విశాఖ సభలో వినవచ్చినది. ఫిబ్రవరిలో మన్యము బందు పాటించెను. చట్టమును మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటింపవలసి వచ్చెను.

ఆ బందు వార్తను చదివి, సెలవునాటి ప్రయాణము చెడినదని విసుగుకొన్న మిత్రులను మే మెఱుగుదుము. వారి కొక విన్నపము. చలికాలమున మంచు చూడ నర్సీపట్నము నుండి లంబసింగికి కారెక్కునపుడు, చక్రముల క్రింద నున్నది బాస్టియను వేయించిన రోడ్డని పిల్లలకు చెప్పుడు. దాని కూలి యెవరికి ఎంత బాకీ పడినదో కూడ చెప్పుడు.